లస్కరు నాడి

నమోదు 411

పొద్దున్నే తొడలో ఈటె దిగిన మనిషిని మోసుకొచ్చారు. దారిలో ఎవడో దాన్ని పీకబోయాడట. పీకి ఉంటే నా దగ్గరకు శవాన్ని తెచ్చేవాళ్లు. ఇంకోసారి అలాంటి తెలివితేటలు చూపిస్తే చేతులు విరగ్గొడతానని చెప్పి, ఫోనును సెలైన్ స్టాండుకు కట్టి ‘నాడి’ యాప్ తెరిచాను.

కొండ మీది ఆసుపత్రి నుంచి డాక్టర్ హైమావతి గారు లైన్లోకి వచ్చారు. ఆవిడను నేను నేరుగా చూసింది ఎప్పుడూ లేదు. ఏళ్ల తరబడి నా చేతులతో ఆవిడ ఆపరేషన్లు చేస్తున్నారు. పేషెంటు మణికట్టుకున్న పట్టీ నాడినీ బీపీనీ ఆవిడకు పంపుతుంది, కెమెరా గాయాన్ని చూపిస్తుంది. “ఇంకొంచెం లోపలికి పోనియ్యి సువార్తా. వేలికి కొట్టుకుంటోందా? అదే. నొక్కిపట్టు,” అంటారు. నేను నొక్కిపడతాను. ఈ రోజూ అంతే జరిగింది. ఈటె బయటికొచ్చింది, మనిషి మిగిలాడు.

ఈటె పడవలవాళ్లది. సముద్రం ఊళ్ల మీదికొచ్చాక మేం ఈ కట్ట ఎక్కాం, వాళ్లు పడవల్లోనే ఉండిపోయారు. వాళ్లకు మంచినీళ్లు కావాలంటే కాలవకున్న మా లాకు తలుపులు తియ్యాలి. కాలవలో నీళ్లు తగ్గాయని మా కట్ట పెద్దలు తియ్యడం మానేశారు. గొంతులెండితే ఎవరైనా ఎన్నాళ్లు బతిమాలతారు? ఇప్పుడు ఈటెలు పట్టుకొస్తున్నారు.

లాకు తలుపులు తీసే లస్కరు మా ఆయన ఏసోబు. ఆయన పట్టీ దగ్గరగా ఉంటేనే మోటారు తిరుగుతుంది, అదీ పట్టీ బతికున్న చేతి మీద ఉంటేనే. కోసిన చెయ్యి తెచ్చి ఎవడూ తలుపులు తియ్యకూడదని అలా బిగించారు. ఆ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ వాళ్లకు మనుషులు బాగా తెలుసు.

మధ్యాహ్నం నాంచారమ్మ వచ్చింది. నెలలు నిండాయి. చేతికి రెండు పట్టీలు, ఒకటి తనది, రెండోది మొన్న పోయిన మామగారిది. మా కట్ట మీద అది ఆనవాయితీ. పోయినవాళ్ల పట్టీని కర్మో ఆదరణ కూటమో అయ్యేదాకా దగ్గరివాళ్లు తొడుక్కుంటారు. అన్నాళ్లూ యాప్‌లోని మ్యాపు మీద వాళ్ల దీపం ఆరదు. ఆ తర్వాత భార్యో భర్తో బిడ్డో వేలిముద్ర వేసి చావు నమోదు చేస్తారు. కట్ట మీదున్న ఫోన్లన్నీ ఆ పేరు చదువుతాయి, దీపం ఆరిపోతుంది. కొండ మీది వాళ్లకు ఇదంతా ఒళ్లుమంట. లెక్కలు చెడిపోతున్నాయని నాకు క్లాసులు పీకుతుంటారు.

“మీ మామగారి నాడి భలే పరిగెడుతోంది. బతికున్నప్పుడు కూడా ఇంత హుషారు చూళ్లేదు,” అన్నాను.

నాంచారమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “ఉండనియ్యండి సిస్టరమ్మా. మనవణ్ణో మనవరాలినో చూసే ఎళ్తాడంట.”

ఎవరి పట్టీ ఎవరు తొడుక్కున్నా నేను మోసపోను. నాడి గీత తెరిచి చూస్తే ముఖం చూసినట్టే. ఏసోబుది మరీ తేలిక. ఆయన గుండె మూడుసార్లు కొట్టి నాలుగోది మింగేస్తుంది. నిరుడు వానల్లో ఆ మింగడాన్ని యాప్ పట్టుకుని గోల పెట్టింది, డాక్టరు గారు మాత్ర రాశారు. లేకపోతే అప్పుడే పోయేవాడు. “నేను మూడు మాటలని నాలుగోది మింగే రకం. గుండె కూడా నాలాగే తగలడింది,” అంటాడు. నేను ఏ మాటా మింగే రకం కాదు. ఆ సంగతి ఆయనకే ఎక్కువ తెలుసు.

ఇంకోటి రాయాలి. మా పరిధిలో ప్రాణం మీదికొచ్చి ఎవరి పట్టీ ఎర్రబడినా అది నా గొంతుతో మాట్లాడి దారి చూపిస్తుంది. “భయపడకండి. నేను సిస్టర్ సువార్తని. దగ్గరలోనే ఉన్నాను. ఇటు రండి.” యాప్‌వాళ్లు నాతో రికార్డు చేయించారు. అది విని ఏసోబు పడీపడీ నవ్వాడు. ఇంట్లో ఇన్నేళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచావే అన్నాడు.

నమోదు 412

తెల్లవారుతుండగా పడవలవాళ్లు లాకు మీద పడ్డారు. చేపలు కోసే కత్తులతో వచ్చారు.

నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఒకడికి దవడ ఊడి చెవి దగ్గర వేలాడుతోంది. మనిషికి తెలివి ఉంది, నన్నే చూస్తున్నాడు. మాట్లాడబోతే గొంతులోంచి నెత్తుటి బుడగలు వచ్చాయి. డాక్టరు గారు తన మెడ మీద వేలు పెట్టి ఎక్కడ కొయ్యాలో చూపించారు. కోసి గొట్టం దించాను. ఊపిరి ఆడింది. పట్టీ ఎరుపు నుంచి పసుపుకు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, డాక్టరు గారు మాత్రం “తర్వాతది చూపించు” అన్నారు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

తర్వాతి ఇద్దరికీ చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఒకడి పొట్ట తువ్వాలుతో కట్టి తెచ్చారు. తువ్వాలు విప్పాక మళ్లీ కట్టేశాను.

ఈ గొడవలో ఎవడో నా సెలైన్ స్టాండును కర్రలా పట్టుకుపోయి ఎవడి తలో పగలగొట్టాడు. స్టాండూ లేదు, సోలార్ పలకలూ లేవు. పలకల్ని రాళ్లతో కొట్టారు.

లాకు తలుపులు తెరుచుకున్నాయి. మంచినీళ్లు పడవల వైపు పారుతుంటే వాళ్లు తలలు ముంచి తాగడం ఇక్కడికి కనిపించింది. మావాళ్లు ఎదురుతిరిగి లాకును మళ్లీ పట్టుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ఏసోబు గదిలో గుమ్మం దాకా రక్తం ఉంది, మనిషి లేడు.

బాజీ వచ్చి చెప్పాడు. బాజీ ఏసోబు కింద పనిచేసే రెండో లస్కరు, మా ఇంట్లో తిని పెరిగినవాడు. అప్పటికే చొక్కా అంతా నెత్తురు, తనది కాదు.

“అన్న మెడ మీద కత్తి పెట్టి తలుపులు తీయించుంటారు వదినా. పట్టుకుపోయారు. బతికే ఉన్నాడు. ఏదీ, మ్యాపు చూడు.”

చూశాను. జమ్ము గడ్డికి అవతల ఏసోబు దీపం పచ్చగా వెలుగుతోంది. ప్రాణం లేచొచ్చింది. ఫోను బాజీ చేతికిచ్చి చూసుకోమన్నాను. వాడు చాలాసేపు చూశాడు.

నమోదు 413

వాడు చూసింది ఒక్క ఏసోబు దీపాన్ని కాదు.

పడవలవాళ్లకూ పట్టీలున్నాయి. జ్వరాలకూ కాన్పులకూ నా దగ్గరకే వచ్చేవాళ్లు, నేనే తొడిగాను. వాళ్ల దీపాలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో నా ఫోనులో కనిపిస్తుంది. బాజీ అది చూసుకుని, మనుషుల్ని పోగేసుకుని, డీజిల్ డబ్బాలతో వెళ్లి పడవలు తగలబెట్టాడు. పొద్దుటి వేళ, అందరూ గంజి తాగే సమయంలో.

మ్యాపు మీద దీపాలు ఎర్రబడటం చూశాను. ఒకటి ఎర్రబడి ఆరుతుంది, పక్కది ఎర్రబడుతుంది. చిన్నపిల్లల దీపాలు చిన్నగా ఉంటాయి. యాప్ తయారు చేసినవాడు ముచ్చటపడి అలా పెట్టాడు, వాడి ముచ్చట తగలెయ్య. ఆ మంటల్లో ప్రతి చేతి మీదా నా గొంతు “భయపడకండి, ఇటు రండి” అంటూ ఉండి ఉంటుంది. గాలి ఇటు తిరిగినప్పుడు కాలిన వాసన వచ్చింది. కిటికీ మూసేశాను.

బాజీ వస్తే చెంప పగలగొట్టాను.

“పిల్లలున్నారు కదరా అందులో. మీ అన్న ఉంటే ఏం చేసేవాడివి?”

“అన్న దీపం దూరంగా ఉంది. చూసుకునే అంటించాం వదినా,” అన్నాడు, చెంప తడుముకోకుండా.

నా ఫోను నేనే ఇచ్చాను. వాడికేం చెప్పను?

సాయంత్రానికి ఏసోబు దీపం పచ్చ నుంచి పసుపుకు తిరిగింది. పొద్దున అది మంటలున్న చోటికి వెళ్లి వచ్చింది. డాక్టరు గారు “గీత తెరిచి చూశావా?” అని అడిగారు. చార్జింగ్ తక్కువగా ఉంది మేడమ్ అన్నాను. చార్జింగ్ తక్కువగానే ఉంది. కానీ గీత తెరవకపోవడానికి అది కారణం కాదు, ఆవిడకూ అర్థమయ్యే ఉంటుంది. దీపం వెలుగుతోంది, నాకు అది చాలు అనుకున్నాను. ఇలా అనుకునేవాళ్లను నేను ఎంత తిట్టేదాన్నో.

నమోదు 414

నాంచారమ్మకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగుంది. తల్లికి రక్తం ఆగలేదు.

డాక్టరు గారు చెప్పినవన్నీ చేశాను. ఇంజెక్షన్లు అయిపోయాయి. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి నొక్కుతూనే ఉన్నాను. నెత్తురు మోచేతుల దాకా వచ్చి నేల మీద కారింది. నాంచారమ్మ పెదాలు సున్నంలా అయ్యాయి. అంతవరకు బిడ్డను గురించి అడిగింది, తర్వాత అడగడం మానేసింది.

“రక్తం పంపిస్తున్నాను. బి గ్రూపుది ఒక్క సంచే ఉంది. మళ్లీ రేపు గానీ రాదు,” అన్నారు డాక్టరు గారు.

డ్రోను వచ్చి పెట్టెను గుమ్మంలో దించింది. సరిగ్గా అప్పుడే బాజీ కేక వినిపించింది. “అన్నొచ్చేశాడు వదినా. నడిచొచ్చాడు.”

ఇద్దరు కలిసి పట్టుకొచ్చి పక్క మంచం మీద పడుకోబెట్టారు. ముఖం కాలి ఉబ్బిపోయింది, కళ్లు పూడిపోయాయి. ఒంటినిండా బురద, బురద కింద తోలు ఊడి వస్తోంది. మణికట్టు మీద ఏసోబు పట్టీ. ఎర్రగా ఉంది. నా గొంతు అంటోంది, “భయపడకండి. నేను సిస్టర్ సువార్తని.”

బాజీ ఏడుస్తూ నవ్వుతున్నాడు. పెట్టెను నా పక్కన పెట్టించి వాణ్ణి బయటికి పంపించాను, ఇంక తప్పదని మోచేత్తో ఫోను మీద గీత తెరిచాను.

కొట్టింది. కొట్టింది. కొట్టింది. కొట్టింది. వేగంగా, బలహీనంగా, సమంగా. ఒక్కటీ మింగలేదు.

నాంచారమ్మ పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యడానికి లేదు. అక్కణ్ణుంచే అడిగాను, “ఎవడివి నువ్వు?”

“నాగిడి అంటారు,” అన్నాడు. గొంతు కూడా కాలింది.

“ఈ పట్టీ నీకెక్కడిది?”

“లాకు దగ్గర. లస్కరుది. తలుపులు తియ్యనన్నాడు. మావాళ్లు పట్టుకున్నారు, నేను కోశాను. పట్టీ నా చేతికి తగిలిచ్చుకుంటే మోటారు తిరిగింది. ఆణ్ణి లాకు గుంటలో ఏసేశాం.” ఊపిరి తీసుకున్నాడు. “నిన్న పొద్దున నా పిల్లల కోసం మంటల్లోకి ఎళ్లాను. దొరకలేదు. రాత్రి నించీ ఇది పిలుత్తానే ఉంది. అది నీ గొంతేనా అమ్మా? రమ్మన్నావుగా.”

నాలో ఏదో తెగింది. చేతులు ఖాళీగా ఉంటే వాడి పీక పిసికేసేదాన్ని. రాస్తున్నాను, ఎవరైనా చదువుకోండి. నాంచారమ్మ కడుపు నా చేతిలో ఉండబట్టి వాడు ఆ నిమిషం బతికాడు.

“సువార్తా, పెట్టె తెరువు,” అన్నారు డాక్టరు గారు.

పెట్టె మీద పేరు వెలుగుతోంది. నాంచారమ్మ పేరు కాదు. ఏసోబు, బి గ్రూపు, అత్యవసరం. ఇద్దరు ఎర్రగా ఉంటే ఎవరు ముందో యాప్ లెక్క వేస్తుంది. కాలినవాడి నాడి ఇంకా చెడ్డగా ఉంది, సంచి వాడికి కట్టింది.

“ఆయన మా ఆయన కాదు మేడమ్. పెట్టె నాంచారమ్మకు మార్చండి.”

ఆవిడ తెర మీద వెతికి చూశారు. “నా చేతిలో లేదమ్మా. ఏసోబు పేరు మీద నాడి నడుస్తోంది. అబద్ధాలు చెప్పి పెట్టెలు ఎత్తుకుపోతున్నారని మార్చడం తీసేశారు. చావు నమోదైతేనే పేరు మారి, నాంచారమ్మకు పెట్టె తాళం తెరుచుకుంటుంది. అది నీ వేలిముద్రతోనే కావాలి.”

కట్ట మీద మొగుడు పోయిన ప్రతి ఆడదీ తన మనిషి పట్టీని కొన్నాళ్లు చేతికి కట్టుకుని తిరిగింది. దీపాన్ని చూసుకుంటూ అన్నం తిన్నది, నిద్రపోయింది. నాకు ఒక్క పూట కూడా లేదు. అదొక్కటే కాదు. వేలు పెడితే ఫోన్లన్నీ ఏసోబు పేరు చదువుతాయి. గుమ్మంలో బాజీ ఉన్నాడు. మంచం మీదున్నది ఏసోబు కాడని వాడికి తెలియడానికి ఎంతసేపు కావాలి?

నాంచారమ్మ నాడి జారిపోతోంది. బొటనవేలికి నెత్తురంటి ఉంటే మొదటిసారి తీసుకోలేదు. చీరకు తుడుచుకుని మళ్లీ పెట్టాను.

“ఏసోబు, లస్కరు. మరణించారు,” అన్నది నా ఫోను. బయట బాజీ ఫోను అదే అన్నది. ఆ పక్క ఫోనూ అన్నది. కట్ట పొడవునా ఆ పేరు వెళ్లిపోవడం విన్నాను. నాగిడి చేతి మీద పట్టీ ఆరిపోయింది. పెట్టె క్లిక్కుమని తెరుచుకుంది.

స్టాండు లేదు. సంచిని ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో నాంచారమ్మ పొట్ట నొక్కుతూ నిలబడ్డాను. బాజీ లోపలికొచ్చాడు. మంచాన్నీ ఆరిన పట్టీనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఈడెవడు వదినా?”

మూడు మాటలన్నాను. “రక్తం ఎక్కుతోంది. తలుపు వెయ్యి. అడ్డం రాకు.” నాలుగో మాట వీడు నా పేషెంటు అని. అది నోటి దాకా వచ్చింది. లాకు గుంటలో ఉన్న మనిషి గుర్తొచ్చాడు. మింగేశాను.

నేను చెప్పకపోవడమే బాజీకి జవాబు. జుట్టు పట్టుకుని మంచం మీద నుంచి లాగాడు. కాలిన తోలు దుప్పటికి అంటుకుని ఉండిపోయింది. నాగిడి కేకలెయ్యలేదు, నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, “రమ్మన్నావుగా,” అన్నాడు. గుమ్మంలోనే కత్తి దింపాడు బాజీ. ఆగకుండా దింపాడు. తడి గోనె మీద కొట్టినట్టు ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది. తలుపు తెరిచే ఉంది.

“ఏంటా చప్పుడు సువార్తా?” అని అడిగారు డాక్టరు గారు.

నేను చెప్పలేదు. సంచి సగం అయింది. నాంచారమ్మ పట్టీ పసుపుకు తిరిగింది.

నమోదు 415

నాంచారమ్మ గంజి తాగింది. బిడ్డ పాలు పడుతోంది. మామగారి పట్టీ ఇంకా తల్లి చేతికే ఉంది, మనవరాలిని చూశాడు.

ఏసోబును లాకు గుంటలోంచి తీశారు. మెడ దాకా దుప్పటి కప్పి చూపించారు, దుప్పటి నేనే తీశాను. చూడాల్సిందంతా చూశాను. పట్టీని నా చేతికి కట్టుకున్నాను. నాగిడి నెత్తురు కడిగినా పోలేదు. నమోదు చేసేశాక అది వెలగదు, ఉత్త రబ్బరు ముక్క.

నాగిడి శవాన్ని మావాళ్లు లాకు తలుపుకు తలకిందులుగా వేలాడదీశారు, జమ్ములోంచి చూసేవాళ్లకు కనపడేలా.

కనపడుతోంది. మ్యాపులో ఎర్ర దీపాలు కట్ట కింద దాకా వచ్చి ఆగిపోతున్నాయి. కాలినవాళ్లు. రెండో మూడో చిన్న దీపాలు. నా గొంతు వాళ్లను ఇక్కడి దాకా తెస్తోంది, ఆ శవం ఆపేస్తోంది. కిటికీ తెరిస్తే గడ్డిలోంచి నాకే వినపడుతోంది. “దగ్గరలోనే ఉన్నాను. ఇటు రండి.” ఎవరూ పైకి రావడం లేదు. ఒక దీపం నేను చూస్తుండగానే ఆరింది.

“ఎందుకు రావడం లేదు వాళ్లు?” అన్నారు డాక్టరు గారు.

ఈసారి చెప్పాను. గుమ్మంలో ఏం జరిగిందో, నేనేం మింగానో అంతా చెప్పాను. ఆవిడ, “ఆ గొంతు తీయించెయ్యనా?” అని అడిగారు.

“వద్దు,” అన్నాను.

స్ట్రెచర్ తీసుకుని బయటికొచ్చాను. బాజీ అరుగు మీద కూర్చుని కత్తి కడుగుతున్నాడు. ముందు లాకు దగ్గరకు తీసుకెళ్లి శవాన్ని దింపమన్నాను. నా ముఖం చూసి దింపాడు. తర్వాత స్ట్రెచర్ రెండో కొస వాడి ముందు పెట్టాను.

“ఆళ్లకా వదినా? అన్నను కోసిన ఆళ్లకా?” అన్నాడు.

“నిన్న నేను నోరు విప్పి ఉంటే నిన్ను ఆపేదాన్ని. విప్పలేదు. ఆ నెత్తురు నీ ఒక్కడిదే కాదు. కత్తి అక్కడ పారేసి ఇది పట్టుకో.”

వాడు కత్తి వదల్లేదు. నేను ఒక కొస పట్టుకుని, రెండో కొస నేల మీద ఈడ్చుకుంటూ కట్ట దిగడం మొదలుపెట్టాను. సగం దిగాక వెనక కొస పైకి లేచింది. తిరిగి చూడలేదు.

కింద గడ్డిలో నా గొంతు పిలుస్తూనే ఉంది. దాని కన్నా గట్టిగా కేకేశాను, నేనే వస్తున్నానని.